తుడిచిన బంతి

కోయంబత్తూరు పోటీలో రెండో రోజు, ఏడో హోల్ దగ్గర, గుంట తవ్విన నున్నటి గడ్డిమడి, అదే గ్రీన్, నూట నలభై గజాల దూరంలో ఉందని మా నాయన నాకు చెప్పాడు. ఆయన చెప్పిన దూరాన్ని నేను ఏనాడూ మళ్లీ సరిచూసుకున్నదాన్ని కాదు. బంతి కొట్టే ఎనిమిదో నంబరు క్లబ్బు అందుకుని, నూట నలభైకి ఎంత కొట్టాలో అంతే కొట్టాను. బంతి చక్కగా లేచి, చక్కగా దిగి, గ్రీన్‌కు ముందున్న నీళ్లగుంటలో పడింది. ఆ దూరం నూట నలభై కాదు, నూట అరవై రెండు.

"గాలి ఎదురు కొట్టింది పాపా," అన్నాడు నాయన.

గాలి లేదు. చెట్ల ఆకులు కూడా కదలడం లేదు. పెద్దవాడు, మే నెల ఎండకు కళ్లు చెదిరి ఉంటాయిలే అనుకుని ఊరుకున్నాను. ఆ ఏడాది నేను ఊరుకోవడం అక్కడ మొదలైంది.

గోల్ఫు ఆడడం నా బతుకుదెరువు. మా వైపు ఈ మాట చెబితే జనం ముందు నవ్వి, ఆ తర్వాత నిజమేనా అని అడుగుతారు. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటుకు పోయే దారిలో, మామిడి తోటలు కొట్టేసి ఇరవై రెండేళ్ల కిందట ఒక గోల్ఫు మైదానం వేశారు. ఊళ్లోవాళ్లు దాన్ని బాల్ తోట అంటారు. నాయన జయరావు అందులో గడ్డి కోసే మిషను తోలేవాడు. నేను ఆ మిషను వెనకాలే నడుస్తూ, ఆడేవాళ్లు పోగొట్టుకున్న బంతులు ఏరుకుంటూ పెరిగాను. మిగతాదంతా చెబితే ఇంకో కథ అవుతుంది. నేను టూరులో, అంటే ఊరూరా జరిగే డబ్బు పోటీల్లో, ఆడడం మొదలుపెట్టాక నాయన మిషను వదిలేసి నా బ్యాగు భుజానికెత్తుకున్నాడు. బ్యాగు మోసి, దూరం చెప్పి, ఏ క్లబ్బు తీయాలో చెప్పే మనిషిని క్యాడీ అంటారు. నాయన నా క్యాడీగా పక్కన ఉంటే నాకు భయం వేసేది కాదు.

మాకు ఏడాదికి పన్నెండు పోటీలు, ఒక్కోటి మూడేసి రోజులు. వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు. పన్నెండూ అయ్యాక పట్టికలో మొదటి ముప్పైమంది ప్లే ఆఫ్‌కు పోతారు. అక్కడ ఏడాదంతా సంపాదించిన పాయింట్లు తుడిచేసి అందరినీ సున్నా దగ్గర నిలబెడతారు. వారానికి ఒక పోటీ పెట్టి ముప్పైమందిని పదిహేనుమందిని చేస్తారు, పదిహేనుమందిని ఐదుగురిని చేస్తారు, చివరికి ఒకరు గెలుస్తారు. ఆ ఒక్కరి సంగతి దేవుడెరుగు. నాలాంటిదానికి కావలసింది ముప్పైలో ఉండడం. ముప్పైలో ఉంటే వచ్చే ఏడాది ఆడే హక్కు నిలుస్తుంది. ముప్పై ఒకటో స్థానమైతే మళ్లీ కొత్త పిల్లలతో కలిసి అర్హత పోటీ ఆడుకుని లోపలికి రావాలి. అంతకు ముందు మూడేళ్లు వరసగా నాది ముప్పై ఎనిమిది, ముప్పై నాలుగు, ముప్పై మూడు. మా అమ్మ ఆనందమ్మకు ఈ అంకెలు బైబిలు వచనాల్లాగా కంఠతా వచ్చు.

ఈ ప్లే ఆఫ్ పద్ధతి ఆ ఏడాదే కొత్తగా పెట్టారు. జనవరిలో నాయనకు వివరించి చెబితే చాలాసేపు తల గోక్కున్నాడు.

"ఇదేం లెక్క పాపా? ఏడాదంతా పండించిందాన్ని కళ్లంలోనే పారబోసి, మళ్లా ఇత్తనాలెయ్యమంటే ఎట్ట?"

"అందరికీ అంతే నాయనా."

"అట్టయితే మనకు మేలే. అందురూ సున్నా అయితే నువ్వూ ఒకటో నంబరు పిల్లా ఒకటే గదా. ముందు ఆ ముప్పైలోకి పోదాం పా."

కోయంబత్తూరు తర్వాత నాయన పద్ధతి మారింది. దూరాలు చెప్పడం మానేశాడు. బంతి దగ్గర నిలబడి, బ్యాగు నేలకు ఆనించి, కళ్లు చిట్లించి గ్రీన్ వైపు చూసి, ఆ చూపు నా మీదికి తిప్పేవాడు.

"నువ్వే సెప్పు పాపా. నీకేమనిపిస్తా ఉండాది?"

"నూట యాభై ఉంటాది నాయనా."

"మరి ఏ నంబరు తీస్తావు?"

"ఏడు."

"అదే తియ్యి. ఎప్పుడూ నేనే సెప్తా ఉంటే నువ్వెప్పుడు నేర్సుకుంటావు?"

నాకు గర్వంగా ఉండేది. ఇన్నేళ్లకు నాయన నన్ను నమ్మి, నిర్ణయం నా చేతికి వదిలేశాడు అనుకునేదాన్ని. నేనే కొలుచుకుని, నేనే తేల్చుకుని కొట్టడం మొదలుపెట్టాక ఆట కూడా తేరుకుంది. మైసూరులో తొమ్మిదో స్థానం, హైదరాబాదులో ఆరో స్థానం, పుణేలో పదకొండు. జూన్‌లో నలభై ఒకటో స్థానంలో ఉన్నదాన్ని ఆగస్టు చివరికి ఇరవై ఏడుకు వచ్చాను. నా బతుకులో అంత బాగా ఆడిన మూడు నెలలు లేవు.

భానుప్రియ తిరుపతి పిల్ల. టూరులో ఆడే మా వైపు వాళ్లం ఇద్దరమే కాబట్టి ఎక్కడికి పోయినా ఒకే గది తీసుకునేవాళ్లం. హైదరాబాదులో ఆట అయ్యాక ఆమె నాయన దగ్గరికి వచ్చి, "జయరావు మామా, ఏం మందు పెట్టినావు దీనికి? నాకూ రోంత పెట్టు," అంది. నాయన నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అంతా దాని తెలివే. నాదేముండాదమ్మా," అన్నాడు. వినయంగా అంటున్నాడనుకున్నాం ఇద్దరమూ.

సెప్టెంబరులో ఒక రోజు నాయన చర్చి తలుపులకు కొత్త గొళ్లేలు తెస్తానని చిత్తూరు పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు చిత్తూరు బస్టాండులో మా బస్సు ఎక్కకుండా నగరి బస్సు ఎక్కాడు. నగరిలో దిగి, ఎవరో మగ్గాలాయన ఫోను అడిగి తీసుకుని ఇంటికి ఫోను చేశాడు. "ఇదేందో అరవం మాట్లాడతా ఉండారు అందురూ. మనూరికి ఏమయిందే?" అని అమ్మను అడిగాడట. నేను పక్కింటివాళ్ల స్కూటరు తీసుకుని పోయేసరికి మగ్గాలాయన ఇంటి అరుగు మీద టీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "పొద్దు పోయింది, పోదాం పా," అన్నాడు. గొళ్లేలు మాత్రం జేబులో పదిలంగా ఉన్నాయి.

"బుద్ధి తెలిసినప్పట్నించీ ఆ బస్టాండు ఎరిగిన మనిషి," అంది అమ్మ. "ఇంక నువ్వేం సెప్పినా ఇనను. రేపే వేలూరు పోదాం."

మా వైపు పెద్ద జబ్బంటే వేలూరు ఆసుపత్రే. డాక్టరు తమిళాయన, తెలుగు బాగా మాట్లాడాడు. నాయనను కుర్చీలో కూర్చోబెట్టి పేరు, ఊరు అడిగాడు. నాయన టక్కున చెప్పాడు. పద్నాలుగు క్లబ్బుల పేర్లు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా చెప్పాడు. డాక్టరుకు గోల్ఫు తెలియదు కాబట్టి ఏది ఎందుకు వాడతారో కూడా చెప్పాడు. నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతా బాగానే ఉందనిపించింది.

"ఇది ఏ నెల అయ్యా?" అని అడిగాడు డాక్టరు.

నాయన కళ్లు చిట్లించాడు. కిటికీ వైపు చూశాడు. ఆ చూపు మెల్లగా డాక్టరు మీదికి తిప్పి నవ్వాడు.

"మీరే సెప్పండి సారూ. మీకేమనిపిస్తా ఉండాది?"

మైసూరు, హైదరాబాదు, పుణే అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. ఆయన నాకు నేర్పడం లేదు. ఆయనకు తెలియడం లేదు. తెలియడం లేదన్న సంగతి నాకు తెలియకూడదని మూడు నెలలు అలా నెట్టుకొచ్చాడు, ఆ నెట్టుకురావడంలో నేను పైకెక్కాను. నా మంచి రోజులని నేను మురిసిపోయిన రోజులన్నీ ఆయనకు చెడ్డ రోజులు. ఆ గదిలోనే ఏడ్చేశాను. డాక్టరు నాకు నీళ్లు ఇప్పించాడు. నాయన, "దానికి ఎండ దెబ్బ సారూ, దినమంతా ఎండలో తిరుగుతాది," అని ఆయనకు సర్దిచెప్పాడు.

జబ్బు పేరు చెప్పారు, మాత్రలు రాశారు. ముదిరేదే కానీ తగ్గేది కాదని మెత్తగా చెప్పారు. తిరుగు బస్సులో మాకు ముగ్గురు పట్టే సీటు దొరికింది. నాయన కిటికీ పక్కన, అమ్మ మధ్యలో.

"ఇంక బ్యాగూ వద్దు, ఏమీ వద్దు," అంది అమ్మ. "ఇంటికాడ కూసో."

"నాకు ఇనపడిందిలే ఆయన సెప్పింది," అన్నాడు నాయన. "నేను మర్సిపోతానంట. సరే. మర్సిపొయ్యేలోపల ఈ బిడ్డను ముప్పైలో సూడాల నేను. ఇంక రెండే పోటీలుండాయి. ఆ రెండింటికీ బ్యాగు మోస్తా. ఆ తర్వాత నువ్వు కట్టేసినా సరే."

"యాడికో పోయి తప్పిపోతే?"

"పాప పక్కన నేను ఎట్ట తప్పిపోతానే?"

అమ్మ నా వైపు చూసింది, వద్దని చెప్పమన్నట్టు. నేను చెప్పలేదు. "రెండే కదమ్మా," అన్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆయన మీద ప్రేమతో అన్నానా, ఆయన లేకుండా ఆడాలంటే భయమై అన్నానా, నాకే తేలదు. రెండూ ఉన్నాయి.

అక్టోబరులో ఊటీలో సరిగా ఆడలేదు. దూరాలు నేనే కొలుచుకుంటూ, క్లబ్బులు నేనే తీసుకుంటూ, ఒక కన్ను ఎప్పుడూ నాయన మీద పెట్టి ఉంచాను. ఆయన బ్యాగు మోస్తున్నాడు, నేను ఆయనను మోస్తున్నాను. ఇరవై తొమ్మిదికి జారాను. ఆఖరి పోటీ మా బాల్ తోటలోనే. అందులో మొదటి పదిమందిలో ఉంటే ముప్పైలో నిలుస్తాను, లేకపోతే లేదు.

ఊటీ నుంచి వచ్చి నాయనను ఇంట్లో దించి, తిరుపతిలో భానుప్రియ ఇంటికి పోయాను. కొర్లగుంటలో వాళ్ల మిద్దె మీద కూర్చుని ఆమెకు సంగతంతా చెప్పాను. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. ఆమె చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మునికుమార్‌ను పెట్టుకో గ్రేసీ. ఈ ఒక్క పోటీకే. మామకు శిష్యుడే గదా వాడు, బాధపడడు."

మునికుమార్ బాల్ తోటలో క్యాడీ. నాయన దగ్గరే పని నేర్చుకున్నాడు. తప్పు పట్టడానికి లేని మనిషి.

"మా తోటలో నాయన కాకుండా ఇంకొకరు నా బ్యాగు మోస్తే సూసేవాళ్లు ఏమనుకుంటారు? ఆడ ప్రతి గడ్డిపరకా ఆయన కోసింది. ఎందుకు మానేసినాడని అడిగితే ఏం సెప్పాల?"

"సూసేవాళ్ల కోసం ఆడతా ఉండావా, ముప్పై కోసం ఆడతా ఉండావా?"

"ఆయన్ను నలుగురిలో అట్ట నిలబెట్టలేను భానూ."

"అట్టయితే ఒకటి సేయి. బంతి కాడికి ఎప్పుడూ ఆయన కన్నా ముందు నువ్వు పో," అంది.

నవంబరులో మా వైపు వానలు. పోటీ మొదటి రెండు రోజులూ తెల్లవారుజామునుంచే పడ్డాయి. వాన పడి నేల చిత్తడైనప్పుడు మా ఆటలో ఒక వెసులుబాటు ఇస్తారు. పొట్టిగా గడ్డి కోసిన ఫెయిర్‌వే మీద పడ్డ బంతిని ఎత్తి, బురద తుడిచి, మళ్లీ పెట్టుకుని కొట్టవచ్చు. నేల ఆరిన రోజు ఆ వెసులుబాటు తీసేస్తారు. అప్పుడు ఎత్తితే ఒక షాట్ పెనాల్టీ, కొట్టకుండానే లెక్కలో ఒక షాట్ ఎక్కుతుంది; మా ఆటలో ఎన్ని తక్కువ షాట్లయితే అంత మేలు. ఆటగత్తె ఎత్తినా ఆమె క్యాడీ ఎత్తినా ఒకటే. ఆ రెండు రోజులూ నాయనే వంగి బంతి తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టేవాడు. ఆయన మొహం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది. సొంత నేల కదా, కాళ్లకు దారి తెలుసు. పాత మనుషులు ఎదురుపడి జయరావన్నా అని పలకరిస్తుంటే చెయ్యెత్తి జవాబిచ్చేవాడు. రెండో రోజు ముగిసేసరికి నేను ఎనిమిదో స్థానంలో ఉన్నాను.

మూడో రోజు ఎండ కాసింది. మొదలుపెట్టే చోట బోర్డు మీద కాగితం అంటించారు, ఈ రోజు బంతి ఎత్తరాదని. నాయనకు చదివి వినిపించాను.

"తెల్దా నాకు?" అన్నాడు.

ఐదో హోల్ దగ్గర మళ్లీ చెప్పాను. పదో హోల్ దగ్గర మళ్లీ చెప్పాను. "ఎన్నిసార్లు సెప్తావే?" అని విసుక్కున్నాడు. భానుప్రియ చెప్పినట్టు పదిహేను హోల్స్ దాకా ప్రతిసారీ బంతి దగ్గరికి ఆయన కంటే ముందు నేనే చేరాను. ఆ రోజు నాతో జతగా ఆడుతున్నది ఆమే. ఆమె అప్పటికే ఏడాది పట్టికలో పన్నెండో స్థానంలో ఉంది, ఆమెకు చింత లేదు. అమ్మ కూడా వచ్చింది. ఇన్నేళ్లలో నేను ఆడుతుండగా చూడడానికి రావడం అదే మొదలు. చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, చూసేవాళ్లకు హద్దుగా కట్టిన తాడు అవతల మామిడిచెట్ల కింద మా వెంటే నడుస్తోంది. ఏది మంచి షాటో ఏది కాదో ఆమెకు తెలియదు, అందరికీ చప్పట్లు కొడుతోంది.

పదహారులో నా బంతి ఫెయిర్‌వే నడిమధ్య పడింది. భానుప్రియది కుడివైపు పొదల్లోకి పోయింది. మా ఆటలో బంతి వెతకడానికి మూడే నిమిషాలు ఇస్తారు, జతగా ఆడేవాళ్లు సాయం పట్టడం మర్యాద. నేనూ పోయాను. భానుప్రియ, ఆమె క్యాడీ, నేను ముగ్గురం పొదలు కదుపుతూ వెతికాం. నాకే దొరికింది. సంబరంగా కేక వేసి, చెప్పి, వెనక్కి తిరిగాను.

నాయన నా బంతి దగ్గర నిలబడి ఉన్నాడు. బ్యాగు పక్కన నిలబెట్టి ఉంది. బంతి ఆయన చేతిలో ఉంది. తువ్వాలు అంచుతో దాన్ని నిదానంగా తుడుస్తున్నాడు.

ఏమని అరుస్తాను? నేను నడిచి చేరేలోపల ఆయన తుడవడం పూర్తిచేసి, వంగి, బంతిని ఎక్కడ తీశాడో సరిగ్గా అక్కడే పెట్టాడు. పెట్టి, నన్ను చూసి నవ్వాడు.

"బురదయింది పాపా. శుభ్రం సేసినా. కొట్టు ఇంక."

నేలంతా పొడిగా ఉంది. చుట్టూ చూశాను. భానుప్రియ వాళ్లు ఇంకా పొదల్లోనే ఉన్నారు. రెఫరీ దూరాన మరో గుంపు దగ్గర ఉన్నాడు. తాడు అవతల అమ్మ ఒక్కతే ఉంది, నాయన వైపు మురిపెంగా చూస్తూ. నియమం తెలిసినవాళ్లెవరూ చూడలేదు. ఊరుకుంటే సరిపోయేది. ఆ ఏడాదంతా నేను చేసిన పని అదే కదా.

చెయ్యెత్తి భానుప్రియను పిలిచాను. ఆమె బంతి కొట్టి దగ్గరికి వచ్చింది. మా ఆటలో ఒకరి స్కోరు ఇంకొకరు రాస్తారు. నా కార్డు ఆమె జేబులో ఉంది.

"ఈ హోల్‌కు నాకు ఒక షాట్ పెనాల్టీ ఎయ్యి భానూ. బంతి ఎత్తినా."

"ఎవురు?"

"నేనే. నిన్నటి మాదిరే అనుకోని ఎత్తేసినా."

భానుప్రియ నా చేతుల వైపు చూసింది. నా చేతికి తొడుగు ఉంది, క్లబ్బు ఉంది. నాయన భుజం మీది తువ్వాలు వైపు చూసింది. ఏదో అడగబోయి, నా మొహం చూసి మానేసింది. పెన్సిలు తీసుకుంది. రెఫరీ వస్తే ఆయనకూ అదే చెప్పాను. ఎవరు ఎత్తినా శిక్ష ఒకటే కాబట్టి ఆయన ఇంకేమీ అడగలేదు. నా ఆటలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

"ఏందంట వాళ్లంతా వచ్చినారు?" అని అడిగాడు నాయన.

"ఏం లేదు నాయనా. ఎనిమిదో నంబరు ఇయ్యి."

మిగతా రెండు హోల్స్ బాగానే ఆడాను. కార్డు మీద సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి పెద్ద బోర్డు మీద పేర్లు ఎక్కిస్తున్నారు. ఆ ఒక్క షాట్ లేకపోతే తొమ్మిదో స్థానం. ఆ షాట్‌తో నలుగురి వెనక్కి పోయి పదమూడు. పట్టికలో నా పేరు ముప్పై ఒకటో వరసలో నిలిచింది. నాయన బోర్డు ముందు నిలబడి, నా పేరు వెతుక్కుని, వేలితో వరసలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. చివరిదాకా లెక్కపెట్టి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

సాయంత్రం వసారాలో కూర్చుని ఉండగా మునికుమార్ వచ్చాడు. పాపం, ఓదార్చడానికే వచ్చాడు. "ఆ ఒక్క బంతి ఎత్తకుండా ఉండింటే సాలు గదక్కా," అన్నాడు.

నాయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "ఎవురు ఎత్తింది?"

"అక్కే పెద్దాయనా. పదహారులో. మీకు సెప్పలేదా?"

నాయన నా వైపు తిరిగాడు. చాలా నెలల తర్వాత ఆ కళ్లలో పాత కోపం చూశాను. చిన్నప్పుడు గ్రీన్ మీద పరిగెత్తితే చూసే చూపు అది.

"బంతి ఎత్తినావా? వాన లేదు, బురద లేదు. బోర్డు మీద రాసి పెట్టినారు. సదువుకున్నదానివి గదా నువ్వు? ఏడేండ్లు పక్కనుండి నేర్పిస్తే ఇదా నువ్వు నేర్సుకునింది? ఆన్నించి గ్రీన్‌కు నూట ముప్పై ఆరు గజాలు. సక్కంగా కొట్టింటే మూడు షాట్లలో పూర్తయ్యేది!"

దూరం సరిగ్గా చెప్పాడు. నూట ముప్పై ఆరే.

"తప్పయింది నాయనా," అన్నాను.

అమ్మ గుమ్మంలోంచి ముందుకు వచ్చింది. ఆమెకు ఆట నియమాలు తెలియవు. ఏం జరిగిందో అప్పుడప్పుడే అర్థమవుతోంది. "దాన్ని ఎందుకయ్యా తిడతావు? బంతి తుడిసింది నువ్వు గదా, నేను సూస్తా..." అంటుండగా ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. అమ్మ ఆగిపోయింది. నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది. నోరు మూసుకుని వంటింట్లోకి పోయింది. కాసేపటికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. మునికుమార్ తల వంచుకుని కూర్చున్నాడు, వాడికీ తెలిసిపోయింది.

"మీయమ్మ ఎందుకు ఏడుస్తాది?" అన్నాడు నాయన, కోపం తగ్గి. "ముప్పై ఒకటయితే ఏమయిందిప్పుడు? వచ్చే ఏడు ఉండాది గదా."

ఇది జరిగి రెండేళ్లయింది. నేను మళ్లీ అర్హత పోటీ ఆడి లోపలికి వచ్చాను. ఇప్పుడు నా బ్యాగు మునికుమార్ మోస్తున్నాడు. పోయిన ఏడాది ఇరవై నాలుగో స్థానంలో ప్లే ఆఫ్‌కు పోయాను, మొదటి వారమే బయటికి వచ్చాను. ఇంటికి వచ్చి నాయనకు చెబితే, "మంచిదమ్మా, మీ నాయనకు సెప్పినావా?" అన్నాడు. అమ్మను కొన్ని రోజులు గుర్తుపడతాడు, కొన్ని రోజులు పక్కింటామె అనుకుంటాడు. కోయంబత్తూరు లేదు, హైదరాబాదు లేదు, నేను బాగా ఆడిన మూడు నెలల్లో ఒక్క షాట్ కూడా ఆయన దగ్గర మిగల్లేదు.

పదహారో హోల్ మాత్రం మిగిలింది. చర్చి నుంచి ఎవరైనా చూడడానికి వస్తే వాళ్లకు చెబుతాడు. "నా బిడ్డ ముప్పైలో ఉండాల్సింది. బంతి ఎత్తేసింది." చెప్పి, ఆ క్షణంలో నేనెవరో స్పష్టంగా తెలిసినట్టు నా వైపు తిరుగుతాడు.

"ఎందుకెత్తినావు పాపా?"

"తప్పయింది నాయనా."

మొదట్లో అక్కడితో అయిపోయేది. ఈ మధ్య ఇంకొంత కలుపుకున్నాడు. నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, గొంతు తగ్గించి, ఎవరూ వినకూడని మాటలాగా చెబుతాడు.

"నీ తప్పు లేదులే. నేను ఉండింటే నిన్ను ఎత్తనిచ్చేవాడినా? ఆ పొద్దు నేను నీ పక్కన లేకుండా పోయినా. తప్పు నాదే."

"నువ్వు ఉండావు నాయనా. నా పక్కనే ఉండావు," అంటాను.

ఆయన నమ్మడు.